ఏ నొప్పికి నూనె?

గత మాఘమాసంలో ఒక ఇల్లాలు మా వైద్యశాలకు వచ్చి, చేతిసంచిలోంచి ఒక డబ్బా తీసి నా బల్లమీద పెట్టారు. వయస్సు యాభై దాటి ఉండదు. డబ్బానిండా తెల్లని గొట్టం మాత్రలు. "డాక్టరుగారూ, ఇది మందు కాదట, గుడ్డు సొనలోనూ వేరుశెనగలోనూ ఉండే కొవ్వేనట. మన ఒంట్లో కూడా పుడుతుందట. మీ శాస్త్రంలో చెప్పే స్నేహచికిత్స అంటే ఇదే గదా?" అని అడిగారు. అడుగుతూ రెండు చేతులూ బల్లమీద ఆనించారు. నేను డబ్బా వైపు చూడలేదు, ఆ వేళ్ళ వైపు చూశాను. రెండు చేతుల నడిమి కణుపులూ ఉబ్బి ఉన్నాయి. తాకితే మెత్తగా, వెచ్చగా తగిలాయి. ఉదయం లేచాక పిడికిలి బిగించడానికి ఎంతసేపు పడుతోందమ్మా అంటే, కాఫీ గ్లాసు పట్టుకోవడానికే గంటన్నర అన్నారు. ఆసుపత్రిలో కీళ్ళవాతమని నిర్ణయించి, వారానికొకసారి వేసుకునే మాత్ర వ్రాసి ఇచ్చారట. అయిదు నెలల క్రితం ఒక ప్రకటన చూసి ఈ డబ్బా తెప్పించుకున్నాక దానిని మానివేశారట.

ఆమె వేసిన ప్రశ్నలో తప్పు లేదు. కొవ్వుకు నొప్పిని తగ్గించే గుణం ఉన్నదన్న మాటా అబద్ధం కాదు. తప్పు ఎక్కడున్నదో చెప్పడానికే ఈ వ్యాసం. ఈ మధ్య నా వద్దకు వచ్చే పదిమందిలో ఇద్దరు ముగ్గురు ఇటువంటి డబ్బా ఏదో ఒకటి వెంట తెస్తున్నారు. కొందరు చేపనూనె గుళికలు, కొందరు అవిసె నూనె గుళికలు, కొందరు ఈ కొత్త కొవ్వు మాత్రలు. వీటిని చూపి "ఇది మనదే గదా" అంటారు. మనదే అయినంత మాత్రాన, అది ఏ నొప్పికి, ఏ దశలో, ఎంత అన్న విచారణ అక్కరలేకుండా పోతుందా?

మొదట స్నేహం పక్షాన నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే నేను ఆ పక్షం వాడినే. చరక సంహిత సూత్రస్థానంలో పదమూడవ అధ్యాయమంతా స్నేహాన్ని గురించినదే. నెయ్యి, నూనె, వస, మజ్జ అని నాలుగు విధాలైన స్నేహాలను, వాటిని ఏ ఋతువులో, ఎవరికి, ఏ మోతాదులో ఇవ్వాలో అందులో వివరించారు. ఎవరికి ఇవ్వకూడదో కూడా అక్కడే ఉన్నది. ఆ భాగాన్ని మన ప్రకటనకర్తలు చదివినట్లు కనిపించదు. వాతం రూక్షం, శీతం, లఘువు. నూనె స్నిగ్ధం, ఉష్ణం, గురువు. అందుచేత వాతానికి నూనె సహజమైన విరుగుడు. మన ఇళ్ళల్లో బాలింతకూ పసిబిడ్డకూ నూనె రాసి నలుగుపెట్టి పోసే నీళ్ళు, పండుగనాటి అభ్యంగనం, మోకాళ్ళకు తాతగారు రాసుకునే గోరువెచ్చని నువ్వులనూనె, ఇవన్నీ ఆ శాస్త్రం నుంచి ఇంటింటికీ దిగివచ్చిన ఆచారాలే.

ఇక నేటి విజ్ఞానం ఏమంటుందో చూద్దాం. విచిత్రమేమంటే, నొప్పినీ వాపునూ రాజేసేది కూడా కొవ్వే. కణాల పొరలలో అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు, వ్యాధి సోకినప్పుడు శరీరం దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి వీటి వల్లనే పెరుగుతాయి. ఆస్పిరిన్ ఈ తయారీకి అడ్డుకట్ట వేసి నొప్పిని తగ్గిస్తుందని 1971లో ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ నిరూపించాడు. అంతకుముందు డెబ్బై ఏళ్ళకు పైగా లోకమంతా ఆస్పిరిన్ మింగింది, అది ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయనకూ, ప్రోస్టాగ్లాండిన్లపై కృషిచేసిన స్వీడన్ శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లకూ కలిపి 1982లో నోబెల్ బహుమతి ఇచ్చారు. యంత్రాంగం తెలియని మందు మందే కాదని మా వైద్యాన్ని ఎద్దేవా చేసే మిత్రులకు నేను ఈ ఆస్పిరిన్ కథ తరచు గుర్తుచేస్తూ ఉంటాను.

రాజేసేది కొవ్వయితే, ఆర్పేది కూడా కొవ్వే. ఈ శతాబ్ది ఆరంభంలో అమెరికాలోని హార్వర్డులో చార్లెస్ సెర్హాన్ బృందం, చేపకొవ్వులోని ఆమ్లాల నుంచి శరీరం రిసాల్విన్లనే పదార్థాలను తయారుచేసుకుంటుందనీ, వాపు తన పని ముగించాక దానిని సర్దుబాటు చేసి పంపేవి ఇవేననీ కనుగొన్నది. అంటే వాపు తనంతట తాను చల్లారిపోదు, దానిని చల్లార్చే వ్యవస్థ ఒకటి వేరే ఉన్నది. నొప్పి మాత్రలు రాజేసే దారిని మూసివేస్తాయి. ఈ కొవ్వులు ఆర్పే దారిని తెరుస్తాయి. రెండూ ఒకే పని కాదని పాఠకులు గ్రహించాలి.

ఆ ఇల్లాలు తెచ్చిన డబ్బాలోని పదార్థం కథ ఇంకా పాతది. గొంతునొప్పి తరువాత పిల్లలకు కీళ్ళు వాచి, జ్వరం వచ్చి, చివరకు గుండె కవాటాలను పాడుచేసే కీళ్ళజ్వరం ఒకప్పుడు న్యూయార్కులో విపరీతంగా ఉండేది. అక్కడి ఆల్విన్ కోబర్న్ అనే వైద్యుడు, ఈ వ్యాధి వచ్చే పేదపిల్లల తిండిలో గుడ్లు బాగా తక్కువని గమనించాడు. పిల్లలకు గుడ్డు పచ్చసొన పొడిని ఇచ్చి చూస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గింది. ఇది 1940ల నాటి మాట. సొనలో ఉన్నదేమిటన్న అన్వేషణ అక్కడి నుంచి సాగి, 1957లో కూల్ అనే శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు పచ్చసొన నుంచి, సోయా లెసిథిన్ నుంచి, వేరుశెనగ పిండి నుంచి ఒకే పదార్థాన్ని స్ఫటికంగా విడదీశారు. దాని పేరు పామిటాయిల్ ఇథనాలమైడ్. నోరు తిరగని పేరు కనుక పీఈఏ అంటున్నారు. మన అనంతపురం జిల్లాలో గానుగ ఆడించాక మిగిలిన చెక్కను గేదెలకు వేసే రైతుకు, అందులోనుంచి ఒకనాడు అమెరికాలో వాపు మందు తీశారని చెబితే నవ్వి ఊరుకుంటాడు.

తరువాత 1965లో ఈ పదార్థం జంతువుల మెదడులోనూ కాలేయంలోనూ కండరాలలోనూ సహజంగానే ఉన్నదని తేలింది. 1970లలో చెకోస్లోవేకియాలో ఇంపల్సిన్ అనే పేరుతో మాత్రలు చేసి, పడిశం, ఫ్లూ జ్వరాల నివారణకు పెద్దయెత్తున పరీక్షించారు. ఆ మందు కొంతకాలానికి మార్కెట్టు నుంచి తొలగిపోయింది. తిరిగి దానికి ప్రాణం పోసినది ఇటలీకి చెందిన రీటా లెవీ మోంటాల్చీనీ. నరాల పెరుగుదలకు దోహదం చేసే పదార్థాన్ని కనుగొన్నందుకు స్టాన్లీ కోయెన్‌తో కలిసి 1986లో నోబెల్ బహుమతి పొందిన మహావిదుషి ఆమె. వాపును మొదట ప్రేరేపించే మాస్ట్ కణాలను ఈ కొవ్వు పదార్థం శాంతింపజేస్తుందని ఆమె బృందం 1993లో ప్రతిపాదించింది. అప్పటికి ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. మరో దశాబ్దం గడిచాక, 2005లో, కణకేంద్రంలోని ఒక గ్రాహకం ద్వారా ఇది వాపును తగ్గిస్తుందని మరో బృందం చూపింది. దెబ్బ తగిలిన చోట కణం తన పొరలోని కొవ్వునుంచే దీనిని అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది, పని కాగానే విరిచేస్తుంది. ఇంటిలోని నీటితోనే ఇంటి నిప్పు ఆర్పుకోవడం వంటిది.

ఇంతవరకు వింటే ఎవరికైనా ఆశ కలుగుతుంది. నాకూ కలిగింది. అయితే మనుషులపై జరిగిన పరీక్షల మాట ఏమిటి? 2019లో ఆస్ట్రేలియాలో 111 మంది అరిగిన మోకాళ్ళ వారిపై ఎనిమిది వారాలు పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర తిన్నవారికంటె పీఈఏ తిన్నవారికి నొప్పి తగ్గింది. 2016లో డెన్మార్కులో వెన్నుపాము దెబ్బతిని నరాల నొప్పితో బాధపడే 73 మందికి పన్నెండు వారాలు ఇస్తే, ఉత్తుత్తి మాత్రకంటె ఏమీ ఎక్కువ ఫలితం కనిపించలేదు. 2023లో 11 పరీక్షలను, మొత్తం 774 మందిని కలిపి లెక్కవేసిన పరిశోధకులు నొప్పి తగ్గుతోందనే తేల్చారు. 774 మంది అంటే ఒక పెద్ద పెళ్ళి భోజనాల బంతికి వచ్చే జనం. ఆ ఆధారంతో కోట్ల మందికి అమ్మడం తొందరపాటు. దుష్ఫలితాలు పెద్దగా కనిపించలేదన్నది నిజమే, కాని ఆ పరీక్షలు చాలావరకు కొన్ని వారాలు మాత్రమే నడిచాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, నేను ఆ ఇల్లాలికి చెప్పినది ఒకటి ఉన్నది: అవి నొప్పిని కొలిచిన పరీక్షలు. ఎముకను కొరికే కీళ్ళవాతంలో ఎముకను కాపాడినట్లు వాటిలో ఏదీ చూపలేదు.

సహజమన్న మాటను కూడా ఒకసారి తూకం వేద్దాం. పరీక్షలలో వాడిన మోతాదు రోజుకు 300 నుంచి 1,200 మిల్లీగ్రాములు. వేరుశెనగ పప్పులో ఈ పదార్థం గ్రాముకు సుమారు నాలుగు మైక్రోగ్రాములు. 600 మిల్లీగ్రాములు పప్పునుంచే పొందాలంటే రోజుకు ఒకటిన్నర క్వింటాళ్ళు నమలాలి. అందుచేత డబ్బాలో ఉన్నది పప్పునుంచి పిండినది కాదు, కర్మాగారంలో కూర్చినది. అది దోషమని నేననను. ప్రకృతిలో ఉన్న అణువునే కర్మాగారంలో కూర్చినా అణువు అదే. కాని దానిని గుడ్డు సొన బొమ్మ వేసి, ఆకుపచ్చ డబ్బాలో పెట్టి, "మందు కాదు, ఆహారం" అని అమ్మితే, కొన్నవారు తమ అసలు మందును ఆహారంతో మార్చుకుంటారు. మోతాదులో ఇచ్చి నొప్పి తగ్గించేది మందే. మందు అయితే మందుకు వేసే ప్రశ్నలన్నీ దానికీ వేయాలి.

ఇక నా అసలు మాట. నూనె అన్ని నొప్పులకూ ఒకటి కాదు. ఈ సంగతి నాకు పుస్తకంలో తెలిసినా, బుద్ధికి తెలిసింది ఒక పొరపాటు వల్ల.

గురువుగారి ఇంట తొమ్మిదేళ్ళు చదివి, 1983లో నేను సొంతంగా వైద్యం ప్రారంభించాను. ఆ ఏడాది చివర ఒక యువతి వచ్చింది. మణికట్లు, వేళ్ళు వాచి, ఒళ్ళు బరువు, ఆకలి లేదు, సాయంకాలానికి కొద్దిపాటి జ్వరం. కీళ్ళ నొప్పి అనగానే నా చేయి నారాయణ తైలం సీసా మీదకు పోయింది. రోజూ వెచ్చగా మర్దన చేయించమని చెప్పి, లోపలికి ఔషధ ఘృతం కూడా ఇచ్చాను. పదిరోజులకు ఆ పిల్లను రిక్షాలో కూర్చోబెట్టి తీసుకువచ్చారు. నడవలేకపోతోంది. మోకాళ్ళు కూడా వాచాయి. ఆమె తండ్రి నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మరునాడు ఆమెను గురువుగారి వద్దకు తీసుకుపోయాను. ఆయన నాడి చూసి, నాలుక చాపమన్నారు. నాలుక మీద తెల్లని మందపు పూత. నా వైపు తిరిగి, "కీలు చూశావు గాని నాలుక చూశావురా నాయనా? పచ్చి కట్టెకు నూనె పోస్తే మండదు, పొగ వస్తుంది" అన్నారు. ఇంకేమీ అనలేదు.

మాధవ నిదానం ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. జీర్ణం కాని అన్నరసం ఆమమై, వాతంతో కూడి కీళ్ళలో చేరడం దాని స్వరూపం. చక్రపాణిదత్తుడు దీనికి చికిత్స చెప్పేటప్పుడు వరస చాలా జాగ్రత్తగా పెట్టాడు. ముందు లంఘనం, తరువాత కాపడం, చేదు, కారం గల దీపన ద్రవ్యాలు, ఆపై విరేచనం, ఆ తరువాతనే స్నేహం. స్నేహం ఉన్నది, కాని వరసలో చివరివైపు ఉన్నది. కాపడం కూడా ఇసుక మూటతో పొడిగా చేయాలి, నూనెతో కాదు. గురువుగారు ఆ పిల్లకు మూడు రోజులు జావ, శొంఠి నీళ్ళు, వేయించిన ఇసుక మూట కాపడం మాత్రమే ఇచ్చారు. రాత్రిపూట శొంఠి కషాయంలో కొద్దిగా ఆముదం. నేను రాసిన తైలాన్ని సబ్బుపెట్టి కడిగించారు.

ఆమవాతమూ, ఆసుపత్రులలో రుమటాయిడ్ అని పిలిచే కీళ్ళవాతమూ అచ్చుగుద్దినట్లు ఒకటేనని నేను వాదించను. చాలా పోలికలు ఉన్నాయి, అన్నీ కలవవు. కాని ఇంట్లో నూనె సీసా మూత తీసే ముందు తెలుసుకోవలసిన తేడాను రెండు వైద్యాలూ దాదాపు ఒకే విధంగా చెబుతాయి. అరిగిన కీలు సాధారణంగా మోకాలు, తుంటి, బొటనవేలి మొదలు. మెట్లు ఎక్కితే, ఎక్కువగా నిలబడితే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఉదయపు బిగువు అరగంట లోపల సడలుతుంది. కదిలిస్తే కీలు కిటకిటమంటుంది. మా శాస్త్రంలో ఇది సంధివాతం. దీనికి వెచ్చని నూనె మంచిది, మర్దన మంచిది, లోపలికి మితంగా నెయ్యి మంచిది. రెండవ రకంలో రెండు చేతుల చిన్న కీళ్ళూ సరిసమానంగా వాస్తాయి, వాపు మెత్తగా వెచ్చగా ఉంటుంది, ఉదయపు బిగువు గంటకు పైబడి ఉంటుంది, అలసట, ఆకలి మందగించడం, కొందరికి జ్వరం తోడవుతాయి. విశ్రాంతితో నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. ఈ రెండవదానికి మర్దన చేయకండి. ముందు నిర్ణయం జరగాలి. ఒకే కీలు హఠాత్తుగా ఎర్రబడి, చలిజ్వరంతో వాస్తే నా వద్దకూ రావద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. అది చీము అయితే కొద్ది రోజులలో కీలు పోతుంది.

సంధివాతానికి నూనె మంచిదన్నాను గాని, అందులో ఎంత నూనె గుణం, ఎంత చేతి గుణం అని అడిగితే నిజాయితీగా ఒప్పుకోవాలి. పైన రాసిన నూనె చర్మం పైపొరలలోనే చాలావరకు నిలిచిపోతుంది. మోకాలి లోపలి గుంజును చేరి దానిని పూడుస్తుందని చెప్పేవారి మాట నమ్మకండి. వెచ్చదనం, ఒత్తిడి, సడలిన కండరం, కోడలో కొడుకో పక్కన కూర్చుని పది నిముషాలు కాలు ఒత్తడం, ఇవన్నీ కలిసి నొప్పిని తగ్గిస్తాయి. నేను నూనె ఇచ్చేటప్పుడు ఎవరు రాస్తారని కూడా అడుగుతాను. ఒంటరిగా ఉన్న ముసలివారికి సీసా ఇచ్చి పంపితే సగం మందే ఇచ్చినట్లు.

ఆముదం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాపు వ్యాధులలో లోపలికి ఇచ్చే స్నేహాలలో నేను ఎక్కువగా నమ్మేది దానినే. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల మెట్ట చేలలో అది కొత్త పంట కాదు. మన అమ్మమ్మలు గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చి తీసేవారు. అదే వంటాముదం. గింజలో రిసిన్ అనే ఘోరమైన విషం ఉన్నది. అది నూనెలో కరగదు, ఉడికితే నశిస్తుంది. ఆ పద్ధతి ఎంత వివేకమైనదో రసాయనశాస్త్రం తరువాత చెప్పింది. ఆముదంలో నూటికి ఎనభై అయిదు పాళ్ళకు పైగా రిసినోలిక్ ఆమ్లమనే ఒకే కొవ్వు ఆమ్లం ఉంటుంది. అది పేగులలో ఏం చేస్తుందో 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రోస్టాగ్లాండిన్లు పట్టుకునే ఒక గ్రాహకాన్నే అదీ పట్టుకుంటుంది. విరేచనం అందువల్ల. గర్భాశయం బిగిసేదీ అందువల్లనే. కనుక గర్భిణులకు ఆముదం ఇవ్వరాదన్న పెద్దల మాట చాదస్తం కాదు. పసిపిల్లలకు మోతాదు తెలియకుండా పోయడం, కారణం తెలియని కడుపునొప్పికి ఇవ్వడం కూడా ప్రమాదమే. అది పేగువాపు అయితే ప్రాణం మీదికి వస్తుంది. సింహనాద గుగ్గులులో ఆముదం ఉన్నది. దానిని కూడా వైద్యుని అడగకుండా నెలల తరబడి వాడేవారిని చూస్తున్నాను.

చేపనూనె సంగతి కొంత స్పష్టంగా ఉన్నది. కీళ్ళవాతం వారిపై 1980ల నుంచి జరిగిన పరీక్షలలో నొక్కితే నొప్పిపుట్టే కీళ్ళ సంఖ్య, ఉదయపు బిగువు కొంత తగ్గాయి. కాని దానికి అందులోని రెండు ముఖ్యమైన ఆమ్లాలూ కలిసి రోజుకు మూడు గ్రాముల వరకు కావాలి, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. దుకాణంలో అమ్మే మామూలు గుళిక ఒక్కదానిలో అందులో పదోవంతు ఉంటుంది. నెత్తురు పలుచబరిచే మందులు వాడేవారు, గుండె లయ తప్పే వ్యాధి ఉన్నవారు పెద్ద మోతాదులకు దూరంగా ఉండాలి. కోస్తాలో చేపలు తినే ఇళ్ళవారికి వారంలో రెండుసార్లు కవళ్ళు, కనాగంతలు వంటి కొవ్వు చేపలు పులుసు పెట్టుకుంటే గుళికలకంటె రుచికరం, చవక. వేపుడు చేస్తే మాత్రం ఆ పుణ్యం కొంత బాణలిలో పోతుంది. శాకాహారులు అవిసె గింజలు వాడుకోవచ్చు, అవి మంచి ఆహారం. అయితే వాటిలోని కొవ్వును మన శరీరం చేపకొవ్వుగా మార్చుకునేది చాలా స్వల్పం. రెండూ సమానమని గుళికల పెట్టె మీద వేసేవారు ఆ మాట చెప్పరు.

ఇంతసేపు గుళికల వారిని అన్నాను. మా వృత్తి వారిని అనకపోతే అన్యాయమవుతుంది. ఔషధ తైలాల పేరిట పరిమళం, రంగు కలిపిన ఖనిజనూనె అమ్ముతున్నవారు ఉన్నారు. నువ్వులనూనెలో కషాయకల్కాలు వేసి, నీరు ఇంకి పాకం తేలేవరకు కాచిన తైలానికీ దానికీ సీసా ఒక్కటే పోలిక. అంతకంటె ఘోరమైనది కీళ్ళ నొప్పుల చూర్ణాలలో స్టీరాయిడ్ కలపడం. రెండు రోజులలో లేచి తిరిగిన రోగి ఆ వైద్యుని దేవుడంటాడు. ఆరు నెలలకు ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి, ఎముక గుల్లబారి నా వద్దకో ఆసుపత్రికో వస్తాడు. ఏ చూర్ణమైనా రెండు రోజులలో కీళ్ళవాతపు వాపును మాయం చేస్తే, సంతోషించకండి, అనుమానించండి. ఆయుర్వేదానికి దుష్ఫలితాలు లేవని మా సభలలో చెప్పే మాటకు నేను చప్పట్లు కొట్టడం మానివేసి చాలా ఏళ్ళయింది. ఫలితం ఉన్నదానికి దుష్ఫలితం ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మరోవైపు, నొప్పి మాత్రలను మిఠాయిల్లా మింగేవారిని చూస్తే కూడా నాకు భయమే. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి రోజూ సంవత్సరాల తరబడి వాడి, కడుపులో పుండ్లు, మూత్రపిండాల వ్యాధి తెచ్చుకున్న పెద్దవయస్సువారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అరిగిన మోకాళ్ళకు ఈ మాత్రలను తగ్గించుకోవడానికి నూనె, కాపడం, తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం సాయపడితే అది సాధారణమైన లాభం కాదు. పీఈఏ వంటి కొవ్వు పదార్థాలు రేపు మరింత పెద్ద పరీక్షలలో నిలబడితే నేను ఆనందంగా వ్రాసి ఇస్తాను. కొవ్వులో మందు ఉన్నదని మేము అంటే నవ్విన రోజులు చూసినవాడిని.

ఆ ఇల్లాలి సంగతి. ఆ రోజు నేను ఆమెకు మందు ఏమీ ఇవ్వలేదు. ఆసుపత్రి వైద్యునికి ఒక చీటీ వ్రాసి, మానివేసిన మాత్ర విషయం దాచకుండా చెప్పమని, ఆమె భర్తను వెంట పంపాను. కీళ్ళవాతంలో మొదటి ఒకటి రెండేళ్ళు చాలా విలువైనవి. ఆ కాలంలో ఎముకకు జరిగిన నష్టాన్ని తిరిగి పూడ్చగల తైలం నా అలమరాలో లేదు, గుళిక ఏ డబ్బాలోనూ లేదు. తెచ్చిన డబ్బా మిగిలింది కదా, పారేయాలా అని అడిగారు. ఆ వైద్యుని అడిగి వాడుకోండి, దాని బదులు ఇది అని మాత్రం అనుకోకండి అన్నాను. చేతులకు నూనె వద్దన్నాను. రాత్రి భోజనం పెందలాడే తేలికగా తినమని, పెరుగు, మినుములు కొన్నాళ్ళు తగ్గించమని, శొంఠి వేసి కాచిన నీళ్ళు తాగమని చెప్పాను.

శ్రావణంలో మళ్ళీ వచ్చారు. వేళ్ళ వాపు దిగింది. ఉదయం బిగువు పావుగంటలో పోతోందట. కుడిచేతి చిటికెనవేలు మాత్రం వంగినది వంగినట్లే ఉన్నది, చాపితే పూర్తిగా రావడం లేదు. ఈసారి మోకాళ్ళు చూపారు. అవి పాతవి, అరుగుదలవి, మెట్లు దిగేటప్పుడు నొప్పి. నాలుక చూశాను, శుభ్రంగా ఉన్నది. నువ్వులనూనెతో కాచిన తైలం ఒక సీసా ఇచ్చి, రాత్రిపూట వెచ్చచేసి మోకాళ్ళకు రాయించుకోమన్నాను. ఎవరు రాస్తారమ్మా అని అడిగితే, బయట బల్లమీద కూర్చుని పత్రిక చదువుకుంటున్న భర్త వైపు చూపించారు.